అశ్వగంధ, పల్లేరు, మెంతులు: వర్కౌట్ చేసే మగాళ్ళకి ఏది మేలు?

ముందు పల్లేరు సంగతి తేల్చేద్దాం, డబ్బాల మీద ట్రిబ్యులస్ అని ఉంటుందే, అదే. టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్‌ని పెంచుతుంది, కండ పెంచుతుంది అని ఏళ్ళ తరబడి అమ్ముతున్నారు గానీ 2007లో వచ్చిన ఒక స్టడీలో 22 మంది ఆస్ట్రేలియా రగ్బీ ఆటగాళ్ళని తీసుకుని సగం మందికి రోజుకి 450 మిల్లీగ్రాములు, సగం మందికి మందు లేని ఉత్తి మాత్రలు 5 వారాలు ఇచ్చి చూస్తే రెండు గ్రూపులకీ బలం పెరిగింది, మధ్యలో తేడా మాత్రం లేదు. అంటే పనిచేసింది ట్రైనింగే. కండ కోసమైతే దీని మీద డబ్బు పెట్టొద్దండీ.

అశ్వగంధ అలా కొట్టిపారేసేది కాదు. 2015లో వెయిట్స్ పెద్దగా అలవాటు లేని 57 మంది మగాళ్ళ మీద ట్రయల్ చేశారు, వేరు ఎక్స్‌ట్రాక్ట్ 300 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, 8 వారాలు. వాడినవాళ్ళ బెంచ్ ప్రెస్ సగటున 46 కిలోలు పెరిగితే ఉత్తి మాత్రలు మింగినవాళ్ళది 26 కిలోలు పెరిగింది. ఆ 26 కూడా చూడండి, ఏమీ వాడకుండానే వచ్చింది అది, కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి ఎలాగూ వేగంగా పెరుగుతుంది, అదే ఏళ్ళుగా లిఫ్ట్ చేస్తున్నవాళ్ళు ఇంత ఆశపెట్టుకోకూడదు. టెస్టోస్టెరాన్ కూడా డెసిలీటర్‌కి 96 నానోగ్రాములు పెరిగింది, వినడానికి పెద్దదే, కానీ నార్మల్ రేంజే సుమారు 300 నుంచి 1000 దాకా ఉంటుంది కాబట్టి దీంతో మనిషి మారిపోడు. నా లెక్కలో దీని అసలు ఉపయోగం స్ట్రెస్‌కి, నిద్రకి. సరిగ్గా నిద్రపోనివాడు ఎంత ట్రైనింగ్ చేసినా రికవరీ ఉండదు కదా.

అయితే మూలికే కదా ఏం చేస్తుందిలే అనుకోవద్దు, దయచేసి. అశ్వగంధ వాడాక లివర్ దెబ్బతిన్న కేసులు రిపోర్ట్ అయ్యాయి, డెన్మార్క్ 2023లో దీన్ని బ్యాన్ కూడా చేసింది. థైరాయిడ్ హార్మోన్లని పెంచగలదు, అందుకే లివర్ జబ్బు గానీ థైరాయిడ్ గానీ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోకండి, వాడుతుండగా కళ్ళు పచ్చబడినా, ఒళ్ళంతా దురద పెట్టినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపేసి చూపించుకోండి.

మెంతులు ఈ రెండిటికీ మధ్యలో. 2010లో అప్పటికే వెయిట్స్ అలవాటున్న 49 మంది మీద 500 మిల్లీగ్రాముల ఎక్స్‌ట్రాక్ట్ 8 వారాలు ఇస్తే బెంచ్ ప్రెస్, లెగ్ ప్రెస్ కాస్త ఎక్కువ పెరిగాయి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళకి మాత్రం షుగర్ మరీ పడిపోవచ్చు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకీ రిస్కే. శనగలు, పల్లీలు పడనివాళ్ళకి ఇవి కూడా పడకపోవచ్చు.

నన్నడిగితే స్ట్రెస్, నిద్ర సమస్య ఉంటే అశ్వగంధ రెండు మూడు నెలలు వాడి ఆపండి, అవి లేవంటే ఏదీ అక్కర్లేదు. అన్నీ కలిపేసి మగతనం పేరుతో అమ్మే మిక్స్ డబ్బాలు మాత్రం అస్సలు వద్దు, వాటిల్లో కొన్నిట్లో లేబుల్ మీద రాయకుండా సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) లాంటివి కలిపినట్టు బయటపడింది, గుండెకి నైట్రేట్ మాత్రలు వాడే మనిషి తెలియక అది మింగితే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది.