తెలివిని మెచ్చుకోవాలా, శ్రమను మెచ్చుకోవాలా? పిల్లల రాతకు ఏది మేలు

చెన్నై పెరంబూరులో ఆదివారం పూట మేము నడిపే తెలుగు రాత తరగతికి పిల్లలను తీసుకువచ్చే తల్లిదండ్రులు గత రెండేళ్లుగా ఒకే ప్రశ్నను మాటలు మార్చి అడుగుతున్నారు. "మా అమ్మాయికి రాసే తెలివి ఉందంటారా మాస్టారూ, లేక ఊరికే కూర్చోబెడుతున్నామా?" అని కొందరు అడుగుతారు. బడి సమావేశాలలో గ్రోత్ మైండ్‌సెట్ అన్న మాట విని వచ్చినవారు, "బాగా రాశావని పొగడాలా, బాగా కష్టపడ్డావని పొగడాలా?" అని అడుగుతారు. గుమ్మం దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పదగిన జవాబు కాదు కనుక, ఆ రెండు దారులనూ పక్కపక్కన పెట్టి, నాకు తోచినది ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఫిక్స్‌డ్, గ్రోత్ అనే రెండు మైండ్‌సెట్ల సంగతి చాలామందికి తెలిసినదే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్ర ఆచార్యురాలైన కారొల్ డ్వెక్ 2006లో వెలువరించిన పుస్తకంతో ఈ మాటలు లోకమంతా పాకాయి. తెలివి పుట్టుకతో వచ్చిన కొలత అనీ అది మారదనీ నమ్మడం ఫిక్స్‌డ్ మైండ్‌సెట్. సాధనతోను, సరైన పద్ధతితోను, ఇతరుల సాయంతోను అది పెరుగుతుందని నమ్మడం గ్రోత్ మైండ్‌సెట్. మన సామెతలలో రెండింటికీ చోటుంది. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని అన్నదీ మనమే, తినగ తినగ వేము తియ్యనుండునని అన్నదీ మనమే. అయితే రాత దగ్గరికి వచ్చేసరికి మన ఇళ్లలో మొదటి సామెతదే పైచేయి. లెక్కలు రాని పిల్లవాణ్ణి ట్యూషనుకు పంపుతాం. వ్యాసం రాయలేని పిల్లవాణ్ణి మాత్రం "వాడికి ఆ కళ లేదు" అని వదిలేస్తాం. రాత నేర్చుకునే పని కాదనీ, అబ్బవలసిన వరమనీ మనలో చాలామంది లోలోపల నమ్ముతున్నారు.

మొదట తెలివిని మెచ్చుకునే దారిని చూద్దాం. దీనిలో మంచి లేదని నేను అనను. పిల్లలందరూ ఒకే సత్తువతో పుట్టరన్నది కళ్లెదుట కనిపించే నిజం. పదేళ్ల పిల్ల ఒక మంచి వాక్యం రాసినప్పుడు "నీ చేతిలో ఏదో ఉందమ్మా" అని పెద్దవాళ్లు అనడం ఆ పిల్లకు ఏళ్లపాటు నిలిచే బలం కావచ్చు. చిక్కు ఆ మాట తరువాత వస్తుంది. క్లాడియా మ్యూలర్, కారొల్ డ్వెక్ 1998లో ప్రచురించిన పరిశోధనలో 5వ తరగతి పిల్లలకు బొమ్మల వరసలలో తప్పిపోయిన ముక్కను కనిపెట్టే చిక్కుముడులు ఇచ్చారు. ముందుగా ఇచ్చినవి పూర్తయ్యాక కొందరిని తెలివైనవారని, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకుని, ఆ పైన చాలా కఠినమైనవి ఇచ్చారు. చివరికి మళ్లీ మొదటి స్థాయివే ఇస్తే, తెలివికి మెప్పు పొందిన పిల్లలు తమ మొదటి ఫలితం కంటే కిందికి జారారు, శ్రమకు మెప్పు పొందిన పిల్లలు పైకి వెళ్లారు. ఎన్ని సరిగ్గా చేశారో ఎవరో తెలియని మరో పిల్లవాడికి రాసి చెప్పమన్నప్పుడు, తెలివికి మెప్పు పొందిన గుంపులో పదిమందికి దాదాపు నలుగురు తమ మార్కులను అబద్ధంగా చెప్పుకున్నారు. ఒక్క మెచ్చుకోలు వాక్యం పిల్లల చేత అబద్ధం ఆడించగలిగిందన్న సంగతి చదివిన రోజు నుంచీ "నువ్వు తెలివైనదానివి" అన్న మాట నా నోటికి సులువుగా రాదు.

దీనినే నేను మా తరగతిలోనూ చూశాను. 7వ తరగతి చదివే ఒక అబ్బాయిని ఇంట్లో అందరూ పుట్టు కవి అనేవారు. ప్రాసలు కలిపి రాయడం వాడికి నిజంగానే వచ్చు. పండుగల మీద, ఋతువుల మీద ఏది అడిగినా చకచకా రాసి చూపించేవాడు. ఒకనాడు వాళ్ల వీధిలో చెత్త ఎత్తే బండి వచ్చిపోయే తీరును ఉన్నది ఉన్నట్టు పది వాక్యాలలో రాయమన్నాను. రెండు వారాలు నోటు మరిచిపోయానన్నాడు, మూడో వారం తరగతికే రాలేదు. వాడికి చేతకాని విషయం కాదది. అయితే మొదటిసారి రాసినది బాగుండకపోతే ఇంట్లో తనకున్న పేరు పోతుందన్న బెంగ ఆ బండి కంటే పెద్దదై ఎదురుగా నిలిచింది. బాగా రాసే పిల్లలకే ఫిక్స్‌డ్ మైండ్‌సెట్ ఎక్కువ చేటు చేస్తుందని నేను అనుకోవడానికి ఆ అబ్బాయే కారణం.

శ్రమను మెచ్చుకునే దారి మేలని దీనినిబట్టి వెంటనే తేల్చేయాలనిపిస్తుంది. నా మొగ్గు అటువైపే అయినా, ఇప్పుడు ఊరూరా వినిపిస్తున్న రూపంలో దానిని ఒప్పుకోలేను. మొదటి కారణం, దాని ఫలితాలు ప్రచారమంత పెద్దవి కావు. అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి ఒక విశ్లేషణలో సగటు ప్రభావం చాలా స్వల్పమని తేలింది. 2019లో నేచర్ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనంలో అమెరికాలోని 12,000 మందికి పైగా 9వ తరగతి విద్యార్థులకు గంటకు మించని పాఠాన్ని కంప్యూటరు మీద చెప్పి చూస్తే, చదువులో వెనుకబడినవారి గ్రేడు సగటు సుమారు 0.1 పాయింటు పెరిగింది. అంత చిన్న పాఠానికి అది తీసిపారేయవలసిన ఫలితం కాదు. తోటివారు కూడా కష్టమైన పనికి వెనుకాడని బడులలో ఆ మేలు ఎక్కువగా కనిపించిందన్న వివరం నాకు ఇంకా ముఖ్యంగా తోచింది. అంటే పిల్ల మనసులో నాటిన నమ్మకం ఒక్కటే చాలదు, చుట్టూ ఉన్న తరగతి కూడా ఆ నమ్మకానికి తగినట్టు నడవాలి.

రెండో కారణం ఇంతకంటే దగ్గరిది. "కష్టపడు, వస్తుంది" అన్న మాట, దారి చూపించకుండా చెబితే, నిందగా మారుతుంది. కష్టపడినా రాకపోతే తప్పు తనదేనని పిల్ల అనుకుంటుంది. శ్రమను మాత్రమే పొగడడం తన ఉద్దేశం కాదని, పద్ధతి మార్చుకోవడం, సాయం అడగడం కూడా అందులో భాగమేనని డ్వెక్ స్వయంగా 2015లో వివరణ రాయవలసి వచ్చింది. ఈ నగరంలో తెలుగు పిల్లల సంగతే తీసుకోండి. బడులలో తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 నాటి చట్టం తరువాత చాలామంది పిల్లలకు తమిళ లిపే మొదటి లిపి. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుచేత ఆ పిల్లలు భాషను బాష అని, ధనాన్ని దనం అని రాస్తారు, ఒత్తులు వదిలేస్తారు. అలాంటి పిల్లకు ఇంకా శ్రద్ధగా రాయమని వందసార్లు చెప్పినా ప్రయోజనం ఉండదు. రెండు లిపులనూ పలక మీద పక్కపక్కన రాసి, ఒక భాష ఒకే అక్షరంతో సరిపెట్టుకున్నచోట రెండో భాష నాలుగు పెట్టుకుందని చూపిస్తే, ఆ పిల్ల తన తప్పును తానే వెతికి పట్టుకుంటుంది. ఆమెకు లోటు తెలివిలోనూ లేదు, శ్రమలోనూ లేదు. ఎవరూ చెప్పని ఒక్క సంగతిలో ఉంది.

ఇంతవరకు రాసినది మెచ్చుకునే మాటల గురించి. పిల్లల రాత ఏ దారిన పోతుందో తేల్చేది ఈ మాటలు కావని, వ్యాసం దిద్ది ఇచ్చిన తరువాత ఏం జరుగుతుందన్నదేనని నా నమ్మకం. మన బడులలో మామూలుగా జరిగేది ఇది: పిల్ల వ్యాసం రాస్తుంది, ఎర్ర సిరా గీతలతో, పదికి ఆరు అన్న అంకెతో నోటు తిరిగి వస్తుంది, మరుసటి వారం కొత్త అంశం ఇస్తారు. పాత వ్యాసాన్ని మళ్లీ ఎవరూ తెరవరు. గోడ మీద గ్రోత్ మైండ్‌సెట్ గురించి ఎన్ని రంగుల అట్టలు అంటించినా, ఆ నోటు పిల్లకు చెప్పే మాట ఒకటే: నువ్వు పదికి ఆరు, ఇక అంతే. రెండోసారి రాసే అవకాశమే లేని చోట ఎదుగుదలను గురించి చెప్పే మాటలకు ఆధారం ఉండదు.

చిత్తు ప్రతి, సాపు ప్రతి అన్న మాటలు మనకు ఎప్పటినుంచో ఉన్నాయి. మనం చేసిన పొరపాటల్లా, చిత్తును అందమైన దస్తూరీతో ఎత్తి రాయడమే సాపు అనుకోవడం. అమెరికాలో రాత బోధనను అధ్యయనం చేసిన నాన్సీ సామర్స్ 1980లో విద్యార్థులూ అనుభవజ్ఞులైన రచయితలూ తమ ప్రతులను ఎలా మార్చుకుంటారో పోల్చి చూశారు. విద్యార్థులు మాటకు మాట మార్చి ఆగిపోతున్నారని, అనుభవజ్ఞులు చెప్పదలచుకున్నదాని ఆకారాన్నే వెతుక్కుంటూ మళ్లీ రాస్తున్నారని ఆమె గమనించారు. మా పిల్లలూ అంతే. "దీన్ని మార్చు" అంటే మంచి అన్నచోట గొప్ప అని రాసి తెస్తారు.

గత సంక్రాంతి తరువాత ఒక ఆరో తరగతి అమ్మాయి నెల్లూరులోని అమ్మమ్మను గురించి రాసింది. "మా అమ్మమ్మ చాలా మంచిది, నన్ను బాగా చూసుకుంటుంది" అని మొదలై, అలాంటి పన్నెండు వాక్యాలతో ముగిసింది. తప్పులు పెద్దగా లేవు, మార్కులు వేస్తే ఏడు వచ్చేవి. నేను అంకె వేయకుండా, పక్కన ఒక్క ప్రశ్న రాసి ఇచ్చాను: "అమ్మమ్మ మంచిదని నీకు ఏ రోజున తెలిసింది?" మరుసటి ఆదివారం తెచ్చిన ప్రతి మాధవరం బస్టాండులో మొదలైంది. బస్సు ఆలస్యమై ఊరు చేరేసరికి రాత్రి పదకొండు దాటిందని, అప్పటికి కూడా అమ్మమ్మ అన్నం తినకుండా అరుగు మీద కూర్చుని ఉందని, పళ్లెంలో తనకు వడ్డించాకే ఆమె చేయి కడుక్కుందని రాసింది. మంచిది అన్న మాట ఆ ప్రతిలో ఎక్కడా లేదు. రెండు ప్రతులనూ ఎదురెదురుగా పెట్టి చదివినప్పుడు ఆ పిల్ల ముఖంలో కనిపించినది ఏ పొగడ్తతోనూ తెప్పించలేనిది. తన రాత మారగలదని నేను చెప్పనక్కరలేదు, తన చేతితో చేసిన మార్పు ఆమె కళ్ల ముందే ఉంది.

మార్కులూ వేద్దాం, వ్యాఖ్యా రాద్దాం, రెండూ ఉంటే తప్పేమిటని తోటి ఉపాధ్యాయులు అడుగుతారు. రూత్ బట్లర్ ఇజ్రాయెల్‌లో పిల్లల మీద జరిపి 1988లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా దీనినే పరీక్షించింది. వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లల ఆసక్తీ పనితనమూ మెరుగ్గా నిలిచాయి, మార్కునూ వ్యాఖ్యనూ కలిపి ఇచ్చినచోట వ్యాఖ్య వల్ల కలగవలసిన మేలు కనిపించలేదు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. అంకె కనబడగానే కన్ను అక్కడే ఆగిపోతుంది, పక్కవాడి నోటులోకి తొంగి చూస్తుంది, కింద రాసిన నాలుగు వాక్యాలు ఎవరి కోసమూ కాకుండా పోతాయి.

పుట్టుక గొప్పదా, సాధన గొప్పదా అన్న వాదం మనకు పరాయి దేశం నుంచి వచ్చినదేమీ కాదు. కావ్య లక్షణాలను చర్చించిన మన ఆలంకారికులు కావ్యానికి ప్రతిభ, వ్యుత్పత్తి (చదువు వల్ల వచ్చే పాండిత్యం), అభ్యాసం అని మూడు కారణాలు చెప్పుకుని, ఏది ముందన్న విషయమై శతాబ్దాల తరబడి తర్కించారు. ఇక్కడికి సుమారు 75 కిలోమీటర్ల దూరంలోని కాంచీపురంలో పల్లవుల కాలంలో ఉన్నాడని పండితులు చెప్పే సంస్కృత ఆలంకారికుడు దండి, సహజ ప్రతిభను మొదట లెక్కించాడు. ఆ వెంటనే, ఆ అద్భుతమైన ప్రతిభ లేకపోయినా చదువుతోను ప్రయత్నంతోను కొలిస్తే వాగ్దేవి ఏదో ఒక అనుగ్రహం తప్పక చూపుతుందని కూడా చెప్పాడు. నా మటుకు ఇంతకంటే న్యాయమైన తీర్పు కనబడలేదు. ప్రతిభ ఉన్నదని ఒప్పుకుంటూనే అది లేనివారికి తలుపు మూయకుండా ఉంచిన మాట అది.

మిగతా ఉపాయాలను గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. చూచిరాత దస్తూరీకి మంచిది, ఆలోచనకు పనికిరాదు. ఫోనులో తప్పులు దిద్దే సదుపాయాలు అక్షరదోషాలను సవరిస్తాయి కాని ఎందుకు తప్పో చెప్పవు. నినాదాలు వల్లె వేయించడం వల్ల నష్టమూ లేదు, లాభమూ లేదు.

ఒక అభ్యంతరం మాత్రం బలమైనది. పబ్లిక్ పరీక్షలో రెండో ప్రతికి సమయం ఉండదు, మార్కులే మిగులుతాయి, అలాంటప్పుడు ఇలా అలవాటు చేస్తే పిల్లలు దెబ్బతినరా అని తొమ్మిది, పది తరగతుల పిల్లల తల్లిదండ్రులు అడుగుతున్నారు. అది నిజమైన భయమే కనుక, పరీక్షకు ముందు రెండు నెలలు గడియారం పెట్టి ఒకే ప్రతి రాయించే అభ్యాసం ఉంచుతున్నాం. మిగిలిన ఏడాదిలో పది అంశాలకు బదులు నాలుగే ఇచ్చి, ఒక్కొక్కటి కనీసం రెండుసార్లు రాయించాలని, అంకె రెండో ప్రతి మీదే వేయాలని ఈ జూన్ నుంచి నిర్ణయించుకున్నాం. మొదటి ప్రతి ఇంటికి వచ్చినప్పుడు మార్కు ఎక్కడ ఉందని తల్లిదండ్రులు నోటంతా తిరగేస్తున్నారని పిల్లలు చెబుతున్నారు. అందుకే మొదటి పేజీ పై అంచున రెండో ప్రతి తేవలసిన తేదీని రాసి పంపుతున్నాను. ఆ తేదీ వచ్చేవరకు పిల్లను "ఎన్ని వచ్చాయి?" అని కాకుండా, "పక్కన రాసిన ప్రశ్నకు ఏం జవాబు రాయబోతున్నావు?" అని మాత్రం అడగమని తల్లిదండ్రులను కోరుతున్నాను.