సినిమా కబుర్లతో నమ్మకం సంపాదించి టికెట్లు అమ్మేవారితో జాగ్రత్త

బెంగళూరులో తెలుగు సినిమాలు చూసే మిత్రులకు, ముఖ్యంగా మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు ఉంటూ వాట్సాప్ బృందాల్లో కొత్త సినిమాల గురించి మాట్లాడుకునేవారికి ఈ హెచ్చరిక. ఎంత చక్కగా సినిమా కబుర్లు చెప్పినా సరే, ముఖపరిచయం లేని మనిషి దగ్గర విడుదల రోజు టికెట్లు కొనకండి. మా బృందంలో పలువురం అలాగే కొన్నాం. డబ్బు పోయింది, సినిమా చూడకుండానే థియేటర్ గుమ్మం నుంచి వెనక్కి వచ్చాం.

మాది ఆఫీసు మిత్రులూ వారి స్నేహితులూ కలిసి పెట్టుకున్న బృందం. శుక్రవారం సినిమా చూసినవారు మొదటి సగం ఎలా నడిచిందో, రెండో సగంలో ఎక్కడ సాగదీశారో, పాటలకు నేపథ్య సంగీతానికి ఎన్ని మార్కులు వేయవచ్చో రాస్తారు, మిగిలినవారు దాన్ని బట్టి వెళ్లాలో వద్దో తేల్చుకుంటారు. ఒక స్నేహితుడి స్నేహితుడిగా ఇందులో చేరిన వ్యక్తి కొన్ని నెలల పాటు ఒక్క టికెట్టు మాట కూడా ఎత్తలేదు. ప్రతి సినిమాకూ అందరికంటే ముందుగా అభిప్రాయం రాసేవాడు. పొగడటమే పనిగా పెట్టుకోకుండా, పెద్ద హీరో సినిమా అయినా క్లైమాక్స్ తేలిపోయిందని, హాస్యం అతికించినట్టుందని విమర్శించేవాడు. అతని మీద గురి కుదిరింది ఆ విమర్శల వల్లనే. అభిమానంతో కాకుండా నిజాయతీగా మాట్లాడుతున్నాడని అందరమూ అనుకున్నాం.

మోసం బయటపడిన తర్వాత పాత సందేశాలన్నీ ముందు పెట్టుకుని చూశాం. అమెరికాలో తెలుగు సినిమాల ప్రీమియర్లు చాలావరకు మన దగ్గర ఉదయం ఆట కంటే ముందే పడతాయి కాబట్టి, అక్కడి ప్రేక్షకుల అభిప్రాయాలు మనం నిద్ర లేచేసరికే సోషల్ మీడియాలో ఉంటాయి. అతని అభిప్రాయాల్లో చాలావరకు వాటినే వాక్యాలు అటూ ఇటూ మార్చి రాసినవి. బెంగళూరులో మొదటి ఆట పూర్తి కాకముందే పతాక సన్నివేశం మీద వ్యాఖ్యానించిన సందర్భాలు కూడా ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా, ఏ థియేటర్‌లో చూశావు, సౌండ్ ఎలా ఉంది, ప్రకటనలు ఎంతసేపు వేశారు, జనం ఏ సీనుకు ఈలలు వేశారు అని ఎవరైనా అడిగిన ప్రతిసారీ సమాధానం రాకుండానే మాట మరో సినిమా మీదకు మళ్లింది. కథ గురించి, నటన గురించి ఎవరైనా ఎక్కడినుంచైనా తెచ్చి రాయగలరు గానీ, హాల్లో కూర్చున్న మనిషికి మాత్రమే తెలిసే ఈ చిన్న సంగతులు చూడనివారు చెప్పలేరు. అటువంటి సభ్యుడు టికెట్లు అమ్మజూపితే ముందుగా ఈ ప్రశ్నలే అడగండి.

ఒక పెద్ద సినిమా విడుదలకు ముందు, ప్రభుత్వం పెట్టిన 200 రూపాయల ధరకే థియేటర్ వాళ్ల ద్వారా టికెట్లు ఇప్పిస్తానని అతను బృందంలో రాశాడు. ఈ మాటలో కొంత నిజం ఉండటమే ప్రమాదకరం. 2025 మార్చి బడ్జెట్‌లో ముఖ్యమంత్రి సిద్ధరామయ్య టికెట్ ధరకు 200 రూపాయల పరిమితి ప్రకటించారు. సెప్టెంబరులో, పన్ను కాకుండా 200 మించకూడదని రాష్ట్ర ప్రభుత్వం నిబంధనలు కూడా తెచ్చింది. అయితే అదే నెల 23న కర్ణాటక హైకోర్టు వాటి అమలును మధ్యంతర ఉత్తర్వుతో నిలిపివేసింది. ప్రకటన విన్నంతమంది ఆ ఉత్తర్వు గురించి వినలేదు. మల్టీప్లెక్సుల్లో తెలుగు సినిమా మొదటి రోజు ధర దానికంటే చాలా ఎక్కువగా ఉండే ఈ నగరంలో ఆ అంకె చూడగానే యూపీఐ ద్వారా డబ్బు పంపినవారు చాలామందే ఉన్నారు.

డబ్బు అందిన వెంటనే అతను టికెట్ స్క్రీన్‌షాట్ పంపాడు. సినిమా పేరు, ఆట వేళ, వరుస, సీటు నంబర్లు, క్యూఆర్ కోడ్ అన్నీ అందులో సరిగ్గానే ఉన్నాయి. గేటు దగ్గర ఉద్యోగి తన చేతి యంత్రంతో ఆ కోడ్ చదివించగానే తెర ఎర్రబడింది. మరోసారి ప్రయత్నించి, బుకింగ్ నంబరు కొట్టి చూసి, యంత్రాన్ని మా వైపు తిప్పి చూపించాడు. ఆ బుకింగ్ ముందురోజు రాత్రే రద్దయింది. మా వెనుక నిలబడిన ఒక కుటుంబం ఫోనులోనూ అవే సీటు నంబర్లు ఉన్నాయి. అనంతపురం నుంచి వచ్చిన తల్లిదండ్రులను తొలిరోజు సినిమాకు తీసుకొచ్చిన మిత్రుడు వారికి ఏమి చెప్పాలో తెలియక నిలబడిపోవడం చూసి మా అందరికీ చాలా బాధ కలిగింది.

స్క్రీన్‌షాట్ నకిలీది కాదు కాబట్టి దాన్ని ఎంత పరీక్షించినా ఉపయోగం లేదు. కొన్ని థియేటర్లకు బుకింగ్ యాప్‌లలో ఆట మొదలయ్యే కొన్ని గంటల ముందు వరకు టికెట్ రద్దు చేసుకునే వీలుంది. అతను నిజంగానే టికెట్లు కొని, ఆ స్క్రీన్‌షాట్‌నే పలువురికి అమ్మి, తర్వాత రద్దు చేసి తిరిగొచ్చే సొమ్మును కూడా తానే తీసుకున్నాడు. రద్దు చేయకపోయినా ప్రమాదం తప్పదు. ఒకే బుకింగ్‌లోని సీట్లన్నిటికీ సాధారణంగా ఒకే కోడ్ ఉంటుంది కనుక, అది ముందుగా ఎవరి ఫోనులో చదివించబడితే వారే లోపలికి వెళతారు.

డబ్బు తిరిగి ఇవ్వమని గట్టిగా అడిగినప్పుడు అతను మరో క్యూఆర్ కోడ్ పంపి, దాన్ని స్కాన్ చేసి పిన్ కొడితే సొమ్ము మన ఖాతాలో పడుతుందని చెప్పాడు. దయచేసి ఇది గుర్తుంచుకోండి: యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు, పిన్ కొట్టామంటే మన ఖాతా నుంచి సొమ్ము వెళుతున్నట్టే. మా మిత్రురాలు ఒకరు దీన్ని వెంటనే గమనించి బృందంలో రాయడం వల్ల రెండో నష్టం తప్పింది.

ఇప్పటికే ఇలా నష్టపోయినవారు సిగ్గుపడకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. సొమ్ము అవతలి ఖాతా దాటిపోకముందే సమాచారం అందితే దాన్ని నిలిపివేసే అవకాశం ఉంటుంది, అందుకే గంటలు గడవనివ్వకండి. యూపీఐ లావాదేవీకి ఉండే 12 అంకెల సంఖ్యను రాసి పెట్టుకోండి. అతను సందేశాలు చెరిపేయకముందే సంభాషణ మొత్తాన్ని ఫొటోలుగా దాచండి. మా బృందంలో అతను బయటకు వెళ్లిపోయేలోపు సగానికి పైగా సందేశాలు మాయమయ్యాయి. థియేటర్‌తోనో బుకింగ్ యాప్‌తోనో నేరుగా పేచీ వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది గానీ, రసీదు లేకుండా అపరిచితుడి దగ్గర కొన్న టికెట్టుకు థియేటర్ బాధ్యత వహించదు.

మా బృందంలో సినిమా అభిప్రాయాలు ఇప్పటికీ కొనసాగుతున్నాయి, కొనసాగాలి కూడా. టికెట్ల క్రయవిక్రయాలను మాత్రం పూర్తిగా నిషేధించాం. నిజంగా వెళ్లలేకపోయిన సభ్యుడు టికెట్టు ఇవ్వదలచుకుంటే థియేటర్ దగ్గర స్వయంగా కలిసి, గేటు దాటించిన తర్వాతే డబ్బు తీసుకోవాలని నిర్ణయించుకున్నాం. అతను వేరే పేరుతో, వేరే నంబరుతో మరో తెలుగు బృందంలో చేరి ఉండవచ్చు. సంక్రాంతి సినిమాల బుకింగ్ మొదలయ్యేలోపు ఈ సంగతి మీ మిత్రులందరికీ తెలియజేయండి.