పేజ్‌మేకర్ పని కోసం విండోస్ 11 తీయించి 10 వేయించుకున్నా: సీటీసీలో ఈ షాపు గురించి

డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చే పని) వాళ్లకి ముందే చెప్పేస్తున్నా. మీ దగ్గర డాంగిల్‌తో (పెడితేనే సాఫ్ట్‌వేర్ నడిచే, తాళంలాంటి చిన్న పరికరం) నడిచే పాత తెలుగు సాఫ్ట్‌వేర్ ఉండి, కొత్తగా తీసుకున్న ల్యాప్‌టాప్‌లో అది పని చేయక తల పట్టుకుని కూర్చుంటే, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) ఉన్న ఈ షాపుకి ధైర్యంగా వెళ్లండి. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు, ఒక టేబులు, గోడ నిండా విప్పేసిన ల్యాప్‌టాప్‌లు, అంతే షాపు. పని మాత్రం శ్రద్ధగా చేస్తారు, చేసే ముందు అసలు మనకి ఏం కావాలో అడుగుతారు.

మాది చిక్కడపల్లిలో చిన్న డీటీపీ సెంటరు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, కోచింగ్ సెంటర్ల మెటీరియల్, అప్పుడప్పుడు ఎవరైనా సొంత ఖర్చుతో వేసుకునే కవిత్వం పుస్తకం. పాత డెస్క్‌టాప్ మదర్‌బోర్డు పోవడంతో రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ ఒకటి తీసుకున్నాం, 8వ జనరేషన్ ఐ5, 8 జీబీ ర్యామ్, విండోస్ 11 ప్రో. ల్యాప్‌టాప్‌కి వంక పెట్టడానికి లేదు. చిక్కంతా డాంగిల్ దగ్గరే వచ్చింది. పెడితే దాని లైటు వెలగదు, తెలుగు సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు, దాంతోపాటు రావాల్సిన ఫాంట్లూ రావు. పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్) తెరుచుకుంటుంది, ఫైలు కూడా తెరుచుకుంటుంది, కానీ పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు వరుసగా నిలబడి ఉంటాయి. పెళ్లిళ్ల సీజన్‌లో ఆ స్క్రీన్ చూస్తే ఎంత టెన్షనో ఈ పనిలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఎందుకిలా అవుతుందో నాకు అర్థమయ్యేలా చెప్పింది ఈ షాపులోని అబ్బాయే. మా డాంగిల్ డ్రైవరు, అంటే దాన్ని విండోస్ గుర్తించేలా చేసే చిన్న ప్రోగ్రాము, పాత తరం 32 బిట్ విండోస్ కాలంనాటిది. 64 బిట్ విండోస్‌లో మామూలు 32 బిట్ ప్రోగ్రాములు నడుస్తాయి, అందుకే పేజ్‌మేకర్ తెరుచుకుంది, కానీ డ్రైవర్ల విషయంలో ఆ వెసులుబాటు లేదు, 64 బిట్ సిస్టమ్‌కి 64 బిట్ డ్రైవరే ఉండాలి. విండోస్ 10 దాకా 32 బిట్, 64 బిట్ రెండూ ఉండేవి, 2021లో వచ్చిన విండోస్ 11కి 32 బిట్ అన్నదే లేదు. కాబట్టి సెట్టింగులు ఎన్ని మార్చినా, కంపాటిబిలిటీ మోడ్ అని ఎన్ని టిక్కులు పెట్టినా మా డాంగిల్ పలకదు. ఇది తెలియక చాలామంది డాంగిల్ పోయిందనుకుని పారేస్తున్నారట, దయచేసి పారేయకండి.

ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా కనిపించే యూనికోడ్ అక్షరాలకి మారిపోవచ్చు కదా అని అడిగేవాళ్లు ఉంటారు. కొత్త పనులన్నీ మేమూ యూనికోడ్‌లోనే చేస్తున్నాం. కానీ పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దానికి యూనికోడ్ తెలుగు రాదు. తెలుగు నాట పుస్తకాలు, పత్రికలు ఏళ్ల తరబడి ఆ పేజ్‌మేకర్‌లోనే, యూనికోడ్ కాని ఫాంట్లతోనే తయారయ్యాయి. ఆ ఫైళ్లు ఎక్కడికి పోతాయి? పదేళ్ల కిందటి పుస్తకానికి రెండో ముద్రణ అని రచయిత వస్తాడు, నాలుగు పేజీల్లో మార్పులుంటాయి, అంతే. వాటి కోసం పుస్తకం మొత్తం కన్వర్టర్‌లో వేస్తే ఒత్తులు ఎక్కడివక్కడ తారుమారై మళ్లీ ప్రూఫు మొదటి నుంచీ చూడాలి, ఆ డబ్బు ఎవరిస్తారు? పేజ్‌మేకర్ తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్‌లో తెరుద్దామంటే సీఎస్6 వరకే పేజ్‌మేకర్ ఫైళ్లని తీసుకుంటుంది, ఆ తర్వాత వచ్చిన సీసీ వెర్షన్లు తీసుకోవు. పాత ఫైలుని పాత చోటే తెరిచే దారి ఒకటి ఉండాలి, నా దృష్టిలో అది మొండితనం కాదు, రచయితల పనిని కాపాడటం.

ఇక్కడికి రాకముందు మా ఇంటి దగ్గర వేరే షాపులో అడిగాను. అతను నా మాట పూర్తిగా వినకుండానే, "విండోస్ 7 క్రాక్ వేసేస్తా మేడం, అరగంటలో తీసుకెళ్లండి, సీ డ్రైవ్ పోతుంది మరి" అన్నాడు. క్రాక్ చేసిన విండోస్‌లో ఏం దూరి ఉందో ఎవరికీ తెలియదు. పైగా విండోస్ 7కి మామూలు సపోర్టు 2020 జనవరిలోనే ముగిసింది. ల్యాప్‌టాప్ వెనక్కి తెచ్చేసుకున్నాను.

ఈ షాపులో మొదటి ప్రశ్నే వేరు. "ఏ పని ఆగిపోయింది అక్కా?" అన్నాడు అక్కడి అబ్బాయి. చెప్పాను. వెంటనే ల్యాప్‌టాప్ విప్పలేదు. డాంగిల్, సాఫ్ట్‌వేర్ సీడీ, ఒక పాత ఫైలు తీసుకుని, 32 బిట్ విండోస్ 10 ఉన్న తన టెస్టింగ్ సిస్టమ్‌లో ముందు వేసి చూశాడు. డాంగిల్ లైటు వెలిగింది. ఫైలు తెరిచి "మీరే టైపు చేయండక్కా" అని కీబోర్డు నా వైపు జరిపాడు. శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు అని కొట్టాను, స్తు కింద ఒత్తు సరిగ్గా కూర్చుంది, తర్వాత లక్ష్మి కొట్టాను, అదీ వచ్చింది. అప్పుడు గానీ నా ల్యాప్‌టాప్ ముట్టుకోలేదు. "ఇది ఇక్కడ నడవకపోతే మీ డబ్బులు దండగ అక్కా, అందుకే" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఈ రివ్యూ రాయాలనిపించింది.

ఇంకో మంచి పని, ఉన్న విండోస్ 11ని చెరపలేదు. డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ (డేటాకి వేసే తాళం) ఆన్‌లో ఉందని చూపించి, 48 అంకెల రికవరీ కీ నా మైక్రోసాఫ్ట్ అకౌంట్లోంచి తీసి నాచేత కాగితం మీద రాయించాడు, బయాస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే కంప్యూటర్ సెట్టింగులు) బూట్ పద్ధతి, అంటే కంప్యూటర్ మొదలయ్యే తీరు, మారిస్తే తర్వాత ఆ కీ అడగొచ్చట. డేటా అంతా బయటి హార్డ్‌డిస్కుకి కాపీ చేసి, నాలుగైదు ఫైళ్లు నా ముందే తెరిచి చూపించాడు. పాత ఎస్ఎస్‌డీ (విండోస్, డేటా ఉండే డిస్కు) తీసి కవర్లో పెట్టి పేరు రాసి నా చేతికిచ్చి, కొత్తగా 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ పెట్టి దాంట్లో విండోస్ 10 ప్రో 32 బిట్ వేశాడు. రేపు విండోస్ 11 కావాలంటే డిస్కు మార్చి బయాస్‌లో సెట్టింగు తిప్పితే సరి. విండోస్ 11 ప్రో లైసెన్సుతో వచ్చిన కంప్యూటర్లో 10 ప్రో వేసుకునే హక్కు ఉంటుందని, హోమ్ ఎడిషన్‌కి అది లేదని కూడా అక్కడే తెలిసింది. యాక్టివేట్ అయిన స్క్రీన్ చూపించాకే డబ్బు తీసుకున్నాడు. సర్వీసు చార్జీ 700 రూపాయలు, ఎస్ఎస్‌డీ ధర వేరే, దానికి జీఎస్టీ బిల్లు, వారంటీ కూడా ఇచ్చారు.

అన్ని ల్యాప్‌టాప్‌లకీ ఇది కుదరదు, అది గట్టిగా చెబుతున్నా. 32 బిట్ విండోస్ బూట్ అవ్వాలంటే మామూలు ల్యాప్‌టాప్‌లలో బయాస్‌లో లెగసీ బూట్ అనే పాత బూట్ పద్ధతి ఉండాలి, ఈమధ్య వచ్చిన మోడళ్లలో చాలావాటిలో దాన్ని తీసేశారు. ఇంటెల్ 11వ జనరేషన్ నుంచి ఇంకో చిక్కు ఉంది, 64 బిట్ విండోస్ 10 వేద్దామన్నా చాలావాటిలో ఇన్‌స్టాల్ మధ్యలో ఎస్ఎస్‌డీయే కనపడదు, స్టోరేజ్ డ్రైవరు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని లోడ్ చేస్తేనే కనపడుతుంది. డిస్కు పాడైందని మీకు కొత్తది అంటగట్టేవాళ్లుంటారు, జాగ్రత్త. మీ పని డాంగిల్‌తో కాకపోతే, విండోస్ 11కి మారాక నచ్చలేదంతే అనుకుంటే, అసలు షాపుకే వెళ్లక్కర్లేదు. అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల్లోపు సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీలోకి వెళ్తే గో బ్యాక్ అని ఉంటుంది, అది నొక్కితే పాతది వచ్చేస్తుంది.

ఇప్పుడు ఎలా ఉందంటారా, పేజ్‌మేకర్ పరిగెడుతోంది. 32 బిట్ కాబట్టి 8 జీబీ ర్యామ్‌లో వాడకానికి వచ్చేది 3 జీబీ చిల్లరే. పేజీలు పెట్టుకోవడానికి అది చాలా ఎక్కువ, క్రోమ్‌లో పది ట్యాబులు తెరిస్తే మాత్రం అల్లాడిపోతుంది. వేలిముద్ర సెన్సర్ పని చేయడం లేదు, డ్రైవరు దొరికితే వేస్తానన్నాడు, ఇంకా వేయలేదు. ఫోన్ చేస్తే ఎత్తరు, ఇది నిజంగా విసుగు, ఒక మెసేజ్‌కైనా జవాబిస్తే బాగుండేది. సాయంత్రం జనం ఎక్కువ, బండి పెట్టుకోవడానికి చోటు దొరకదు. నేను చిక్కడపల్లి మెట్రో ఎక్కి జేబీఎస్ పరేడ్ గ్రౌండ్‌లో దిగి ఆటోలో వెళ్లాను, అదే నయం.

భద్రత సంగతి కూడా అతనే ఎత్తాడు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లు ఈఎస్‌యూలో (సపోర్టు అయిపోయాక కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే మైక్రోసాఫ్ట్ పథకం) నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేస్తే దానికి డబ్బు కట్టక్కర్లేదు. "ఏదేమైనా ఈ డిస్కు మీద బ్యాంకు పనులు వద్దక్కా, నెట్ అవసరం లేనప్పుడు వైఫై ఆపేయండి" అన్నాడు. నేను అలాగే చేస్తున్నా. పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, వేరే కంప్యూటర్లోంచి ప్రెస్సుకి మెయిలు పంపుతున్నా.

వెళ్లేవాళ్లు డాంగిల్, ఇన్‌స్టాలేషన్ సీడీ, ఒత్తులు ఎక్కువున్న పాత ఫైలు ఒకటి తప్పకుండా పట్టుకెళ్లండి. సీడీ డ్రైవ్ వాళ్ల దగ్గర ఉంది. ఉదయం 11 తర్వాత వెళ్తే రద్దీ తక్కువ, పని అయ్యేదాకా పక్కన కూర్చుని చూడనిస్తారు.