ఎంబీబీఎస్‌కి ఎడ్యుకేషన్ లోన్: సీటు నుంచి ఈఎంఐ దాకా

మాది కొండపి దగ్గర పల్లె, పొగాకు వ్యవసాయం. నాకొచ్చింది బి కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ కోటా సీటు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మేనేజ్‌మెంట్ కోటాకు వర్తించదు కాబట్టి లోనే దిక్కయింది. ఇంటర్న్‌షిప్ కూడా అయిపోయి ఇప్పుడు ఈఎంఐలు కడుతున్నా.

ఎడ్యుకేషన్ లోన్‌కి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసే విద్యాలక్ష్మి పోర్టల్‌తో పేచీ లేదు. ఒక్క ఫారం నింపితే మూడు బ్యాంకులకు వెళ్తుంది. అయితే అక్కడ ‘పరిశీలనలో ఉంది’ అని కనబడినంత మాత్రాన బ్రాంచిలో ఎవరో చూస్తున్నారనుకోవద్దు. ప్రింటు తీసుకుని మనమే వెళ్లి కూర్చోవాలి.

అసలు కథంతా తాకట్టు దగ్గరే. 7.5 లక్షలు దాటితే ఆస్తి చూపించాలన్నారు. నాన్న పట్టాదారు పాస్‌బుక్ బల్ల మీద పెడితే మేనేజర్ తెరిచి కూడా చూడలేదు. “పొలం వద్దండీ, ఒంగోల్లో ఇల్లేమైనా ఉందా?” అన్నారు. బాకీ కట్టకపోతే సర్ఫేసీ చట్టం కింద ఇల్లు వేలం వేయొచ్చు, సాగుభూమికి ఆ చట్టం వర్తించదు. చివరికి మా మేనమామ ఇల్లు పెట్టాం. ఈసీ (ఆస్తి మీద వేరే అప్పుల్లేవని చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (ఆస్తి పాత దస్తావేజులు), లాయరు ఒపీనియన్, వాల్యుయేషన్, అన్ని ఖర్చులూ మనవే. అత్తయ్య సంతకం పెట్టేదాకా నాకు టెన్షనే. ఇంతలో నాన్న పంట రుణం రెన్యువల్ ఆలస్యమై సిబిల్ స్కోరు (అప్పులు తీర్చే తీరుకు వేసే మార్కు) పడిపోయిందన్నారు. పొగాకు వేలం డబ్బులు చేతికి రాందే రైతు రెన్యువల్ ఎలా చేయిస్తాడు? ఆ సంగతి స్కోరుకేం తెలుసు! చాలదన్నట్టు ఓ ఇన్సూరెన్స్ పాలసీ కూడా అంటగట్టారు.

శాంక్షన్ అయ్యాక పెద్ద ఇబ్బంది పడలేదు. ఏటా కాలేజీ ఇచ్చే డిమాండ్ లెటర్ (ఆ ఏడాది ఫీజు ఎంతో చెప్పే కాగితం), పాత రసీదు, మార్కుల మెమో ఇస్తే ఫీజు నేరుగా కాలేజీ ఖాతాలో పడేది. హాస్టల్, పుస్తకాల ఖర్చు కూడా లోన్‌లో కలపొచ్చు, కాకపోతే మనం అడగాలి.

చదివినన్నాళ్లూ, ఆపైన ఏడాదీ కట్టనక్కర్లేదన్నది నిజమే. వడ్డీ మాత్రం మొదటి విడత నుంచే లెక్కలోకొస్తుంది. 30 లక్షలకి 10 శాతం వేసుకున్నా నెలకి 25 వేలు. నాన్న పొగాకు అమ్మిన ప్రతిసారీ ఎంతో కొంత వడ్డీ కట్టబట్టే ఈరోజు నా ఈఎంఐ మోయగలిగేలా ఉంది. చదువుతుండగా వడ్డీ కట్టేవాళ్లకి ఒక శాతం తగ్గించే బ్యాంకులున్నాయి, శాంక్షన్ లెటర్‌లో ఆ మాట వెతకండి.

2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకం మా జూనియర్లకి నయం. జాబితాలో ఉన్న సంస్థల్లో మెరిట్ మీద సీటొస్తే తాకట్టు అడగరు. ఇంటి ఆదాయం 8 లక్షల లోపైతే 10 లక్షల దాకా రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. మీ కాలేజీ ఆ జాబితాలో లేదా, కౌన్సెలింగ్‌కి ముందే ఇంటి కాగితాలు బయటకి తీయండి.