జొటెరో సమీక్ష: విశాఖలో థీసిస్ రాసేవారికి ఎంతవరకు పనికొస్తుంది?

రిఫరెన్సులన్నీ చేత్తో టైపు చేయడం, గైడు "ఇది ఏపీఏ పద్ధతి, మనకు వాంకూవర్ కావాలి" (రెండూ రిఫరెన్సులు రాసే పద్ధతులే) అనగానే మళ్లీ మొదటి నుంచి కూర్చోవడం రీసెర్చ్ స్కాలర్లలో ఇంకా చాలామందికి మామూలే. ఆ చాకిరీ తప్పించే ఉచిత సాఫ్ట్‌వేర్ జొటెరో. అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో 2006లో మొదలైంది. ఇప్పుడు లాభాపేక్ష లేని సంస్థ ఒకటి నడుపుతోంది. 2024 ఆగస్టులో ఏడో వెర్షన్ వచ్చాక వేగం బాగా పెరిగింది. ఆంధ్రా యూనివర్సిటీలో సోషల్ సైన్సెస్ చేసేవారికీ, అనకాపల్లి, చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానాల్లో పనిచేసేవారికీ, ఆంధ్రా మెడికల్ కాలేజీ పీజీలకూ, కెమిస్ట్రీ ల్యాబుల వారికీ ఇది నిస్సందేహంగా వాడదగ్గదే. అయితే అది తెచ్చిపెట్టే వివరాలను సరిచూడకుండా వదిలేస్తే ఆ తప్పులన్నీ థీసిస్‌లో అచ్చవుతాయి. తెలుగువాళ్ల పేర్ల దగ్గర మరీ ఎక్కువ.

పెట్టుకోవడం తేలిక. కంప్యూటర్లో జొటెరో, బ్రౌజర్లో దాని కనెక్టర్ (వెబ్ పేజీలోంచి వివరాలను జొటెరోలోకి పంపే బటన్), రెండూ కావాలి. వర్డ్‌లో ట్యాబ్ దానంతట అదే చేరుతుంది. వ్యాసం తెచ్చుకోవడానికి మంచి దారి డీఓఐ, అంటే ఒక్కో వ్యాసానికి ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య. మంత్రదండం బొమ్మ ఉన్న బటన్ నొక్కి డీఓఐ గానీ, పబ్‌మెడ్ (వైద్య వ్యాసాల సూచిక) నంబరు గానీ, పుస్తకమైతే ఐఎస్‌బీఎన్ గానీ అతికిస్తే వివరాలన్నీ వచ్చేస్తాయి. గూగుల్ స్కాలర్ పేజీ నుంచి మాత్రం దింపకండి. అక్కడ జర్నల్ పేరు తెగిపోయి, సంచిక నంబరు లేకుండా, రచయితలు కొందరు ఎగిరిపోయి వస్తుంది. ప్రచురణకర్త పేజీ తెరిచి అక్కడ కనెక్టర్ నొక్కాలి. చాట్‌బాట్లు చెప్పిన రిఫరెన్సులను పట్టుకోవడానికి కూడా ఈ బటనే ఆధారం. లేని వ్యాసానికి ఇచ్చిన డీఓఐ అయితే ఏమీ దొరకదు, లేదా సంబంధం లేని వేరే వ్యాసం వచ్చి పడుతుంది. శీర్షిక, రచయిత, సంవత్సరం మూడూ కలిసినప్పుడే ఆ రిఫరెన్సును ఉంచండి.

ఇక పేర్లు. జొటెరోలో ప్రతి రచయితకూ రెండు గళ్లు ఉంటాయి: ఇంటిపేరు, పేరు. పాశ్చాత్య పద్ధతిలో చివరి మాట ఇంటిపేరు. మనకేమో ఇంటిపేరు ముందుంటుంది, అదీ చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగా. "కె. వి. సుబ్బారావు" అని అచ్చయిన వ్యాసం జొటెరోలోకి సుబ్బారావు అనే ఇంటిపేరుతో వస్తుంది. దానితో చిక్కేమీ లేదు, ఆయన్ని అందరూ పిలిచేదీ ఆ పేరుతోనే. చిక్కు ఇంకో జర్నల్‌లో "సుబ్బా రావు" అని విడదీసి రాసినప్పుడు వస్తుంది. అప్పుడు ఇంటిపేరు గడిలో రావు ఒక్కటే మిగిలి, సుబ్బా కాస్తా పొడి అక్షరాల్లో చేరుతుంది. ఒకే మనిషి జాబితాలో రెండు చోట్ల, రెండు అక్షరాల కింద కనిపిస్తాడు.

దీన్ని ఎలా తీర్చాలి? ఆ వ్యాసం మొదటి పేజీలో ఇచ్చిన ఉదహరణ వాక్యం (దాన్ని ఎలా సైట్ చేయాలో చెప్పే వరుస) చూసి అదే రూపం ఉంచండి. రావుగా అచ్చయిన చోట సుబ్బారావుగా మార్చకండి. మీ థీసిస్ చదివినవారు ఆ వ్యాసాన్ని వెతికితే దొరకాలి కదా. ఇంటిపేరు గడిలో ఒకే రూపం ఉండి, పక్క గడిలో ఒకసారి "కె.", ఇంకోసారి "కె. వి." అని ఉంటే మాత్రం తప్పక ఒకేలా చేయాలి. ఎందుకంటే ఏపీఏ పద్ధతిలో జొటెరో ఆ ఇద్దరినీ వేర్వేరు మనుషులని లెక్కేసి, వాక్యం మధ్య బ్రాకెట్లో ఇంటిపేరుకు ముందు పొడి అక్షరాలు చేర్చేస్తుంది. "ఇక్కడ మాత్రమే ఇనీషియల్స్ ఎందుకు వచ్చాయి" అని గైడు ఎర్రసిరాతో చుట్టే చోటు ఇదే. నిజంగానే ఇద్దరు వేర్వేరు రావులో రెడ్లో అయితే ఆ అక్షరాలు రావడమే సరైనది, వాటిని చేత్తో తీసేయకూడదు. పూర్తి ఇంటిపేరు ముందు వేసి అచ్చయిన చోట గళ్లు తారుమారైతే, రచయిత గడి దగ్గరి మెనూలో రెండు పేర్లనూ అటూ ఇటూ మార్చే ఆదేశం ఉంది. మళ్లీ టైపు చేయనక్కర్లేదు.

సంస్థలు రచయితలైనప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత నివేదికకు రచయిత స్థానంలో ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ పాపులేషన్ సైన్సెస్, ఐసీఎఫ్ ఉంటాయి. రెండు గళ్ల పద్ధతిలో ఉంచేస్తే "సైన్సెస్" అన్నది ఇంటిపేరై కూర్చుంటుంది. గడి పక్కన ఉన్న చిన్న గుర్తు నొక్కి ఒకే గడిగా మార్చాలి. జీవోలు, జనాభా లెక్కలు, ఐసీఏఆర్ బులెటిన్లు, పరిశోధన స్థానాల వార్షిక నివేదికలు అన్నిటికీ ఇదే పద్ధతి. వీటిలో చాలావాటికి డీఓఐ ఉండదు, కాబట్టి రకం "రిపోర్ట్" అని ఎంచుకుని సంస్థ, ఊరు, సంవత్సరం, నివేదిక నంబరు చేత్తో నింపాలి.

ఉత్తరాంధ్ర మీద పనిచేసేవారు ఒక పని అదనంగా చేయాలి. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా మూడుగా విడిపోయింది: విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు. 2011 జనాభా లెక్కల్లోనూ 2019-21 ఆరోగ్య సర్వేలోనూ "విశాఖపట్నం జిల్లా" అంటే పాడేరు, అరకు, చింతపల్లి కలిసిన పాత జిల్లా. అందుకని ప్రతి గణాంక మూలానికీ "పాత జిల్లా", "కొత్త జిల్లా" అని ట్యాగ్ పెట్టుకోండి. లేకపోతే పాత అంకెనూ కొత్త అంకెనూ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి, జనాభా తగ్గిందనో అక్షరాస్యత పెరిగిందనో తేల్చేస్తారు. ట్యాగులు రంగుల్లో కనిపించేలా కూడా పెట్టుకోవచ్చు, ఈ పనికి అది చాలా అనువు. 1907 నాటి జిల్లా గెజిటీర్ లాంటివి తర్వాతి ముద్రణలో చదివితే, "ఎక్స్‌ట్రా" గడిలో మొదటి ముద్రణ సంవత్సరం వేరే వరుసగా రాయాలి. అప్పుడు ఏపీఏలో రెండు సంవత్సరాలూ గీతతో కలిసి వస్తాయి.

తెలుగు మూలాల విషయంలో జొటెరోకి సగం మార్కులే. యూనికోడ్ తెలుగు శీర్షికలు చక్కగా నిలుస్తాయి, వెతికితే దొరుకుతాయి. కానీ మన పత్రికలు, పుస్తకాల పీడీఎఫ్‌లు చాలావరకు యూనికోడ్ కాని అను ఫాంట్లలో తయారైనవి. వాటిలోంచి వచ్చే పాఠం అర్థంలేని గుర్తుల గుట్ట, లోపలి వెతుకులాట పనిచేయదు, వివరాలు దానంతట గుర్తించదు. స్కాన్ చేసిన పేజీలదీ ఇదే పరిస్థితి. వీటిని చేత్తోనే నింపాలి. ఇంగ్లీషు థీసిస్‌లో తెలుగు లిపి ఎంట్రీలు జాబితా చివరకు చేరిపోతాయి కాబట్టి, రచయిత పేరునూ శీర్షికనూ రోమన్ లిపిలో రాసి, శీర్షిక పక్కన చదరపు బ్రాకెట్లో ఇంగ్లీషు అర్థం ఇవ్వడం మంచిది. శోధ్‌గంగ (దేశంలోని థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం) నుంచి తెచ్చిన థీసిస్‌లకు రకం "థీసిస్" అని పడిందో లేదో చూడండి. అక్కడ అధ్యాయాలు వేర్వేరు ఫైళ్లుగా ఉంటాయి. అన్నిటినీ ఒకే ఎంట్రీ కింద జతచేయాలి, ఒక్కో అధ్యాయాన్నీ ఒక్కో రిఫరెన్సుగా చేయకూడదు. వ్యవసాయ థీసిస్‌లు కృషికోశ్‌లో ఉన్నాయి, వాటికీ ఇంతే.

వ్యవసాయంలో జీవుల శాస్త్రీయ నామాలు వాలు అక్షరాల్లో రావాలి, కెమిస్ట్రీలో ఫార్ములా అంకెలు కిందికి దిగాలి. జొటెరోలో శీర్షిక గడిలోనే ఆ మాటకు ముందూ వెనకా హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగులు రాస్తే వర్డ్‌లో సరిగ్గా వస్తుంది: వాలుకు ఐ ట్యాగ్, కింది అంకెకు సబ్ ట్యాగ్, పై అంకెకు సప్ ట్యాగ్. డీఓఐతో తెచ్చినప్పుడు టైటానియం డయాక్సైడ్ ఫార్ములాలో 2 అనే అంకె విడిపోయి, ముందు ఒక ఖాళీతో వచ్చే సందర్భాలు చాలా ఉన్నాయి. ప్రతి శీర్షికనూ కంటితో చూడాల్సిందే. పెద్దక్షరాల సంగతీ ఉంది. ఏపీఏలో వ్యాసం శీర్షికకు మొదటి అక్షరం, విశేష నామాలు తప్ప మిగతావి చిన్నక్షరాలే. కానీ జొటెరో తనంతట చిన్నవి చేయదు. శీర్షిక మీద కుడి క్లిక్ చేసి వాక్య పద్ధతిలోకి మార్చుకోవాలి. మార్చాక మూలకాల గుర్తులూ, పంట రకాల పేర్లూ దెబ్బతిన్నాయేమో చూడాలి.

వైద్య విద్యార్థులకు దీనిలో అన్నిటికన్నా విలువైనది ఉపసంహరణ హెచ్చరిక. జర్నళ్లు వెనక్కి తీసుకున్న వ్యాసాలను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ సమాచారంతో 2019 నుంచి అనుసంధానం ఉంది. మీ లైబ్రరీలోని వ్యాసాన్ని జర్నల్ వెనక్కి తీసుకుంటే ఎర్ర గుర్తు పడుతుంది, దాన్ని ఉదహరించబోతే వర్డ్‌లోనూ ఆపి అడుగుతుంది. ఇది డీఓఐ లేదా పబ్‌మెడ్ నంబరు ఆధారంగానే పనిచేస్తుంది. చేత్తో నింపిన ఎంట్రీలో ఆ రెండూ లేకపోతే హెచ్చరిక రాదు. ఈ ఒక్క కారణం చాలు డీఓఐ గడి ఖాళీగా వదలకుండా ఉండటానికి. వాంకూవర్‌లో జర్నల్ పేర్లు కుదించి రావాలంటే డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లో మెడ్‌లైన్ సంక్షిప్తాలు వాడమని టిక్ పెట్టాలి. సిస్టమాటిక్ రివ్యూ (ఒక ప్రశ్న మీద వచ్చిన పరిశోధనలన్నిటినీ వెతికి బేరీజు వేసే సమీక్ష) చేసేవారికి మాత్రం డూప్లికేట్ల పని నెమ్మది. ఒక్కో జతనూ తెరిచి కలపాలి. కలపకముందే ఏ డేటాబేస్ నుంచి ఎన్ని వచ్చాయో రాసి పెట్టుకోండి, ఎన్ని వ్యాసాలు దొరికి ఎన్ని మిగిలాయో చూపే ప్రిస్మా చిత్రంలో ఆ అంకె అడుగుతారు, తర్వాత దొరకదు.

వర్డ్ దగ్గర పాడయ్యేది ఎక్కువగా మన చేతులతోనే. వాక్యంలో కనిపించే బ్రాకెట్ మీద నేరుగా టైపు చేయకూడదు. అలా మార్చిన ఉదహరణ ఇక తనంతట మారదు. పేజీ నంబరు కావాలంటే యాడ్ సైటేషన్ పెట్టెలోనే ఇవ్వాలి. రెండు వందల పేజీలు దాటాక ప్రతి ఉదహరణకూ వర్డ్ నిలిచిపోతుంటే, తనంతట తాజా చేసే టిక్ తీసేసి, రోజు చివర రిఫ్రెష్ నొక్కండి. గూగుల్ డాక్స్‌లో రాసిన అధ్యాయాన్ని నేరుగా వర్డ్ ఫైలుగా దింపితే లంకెలన్నీ తెగిపోతాయి. ప్రిఫరెన్సెస్‌లో వర్డ్ ప్రాసెసర్ మార్చే ఎంపిక వాడి, అప్పుడు దింపాలి. డీటీపీ సెంటరుకు బైండింగ్ కోసం ఇచ్చే ముందు ఫైలు కాపీ తీసి, ఆ కాపీలో మాత్రమే అన్‌లింక్ సైటేషన్స్ నొక్కండి. అసలు ఫైలు మీ దగ్గరే ఉండాలి. వైవా తర్వాత ఎగ్జామినర్ చెప్పిన మార్పులు దానిలోనే చేయాలి.

ఖర్చు సంగతి. వివరాల నిల్వ ఎంతైనా ఉచితమే. పీడీఎఫ్‌ల ఆన్‌లైన్ నిల్వకే పరిమితి: 300 ఎంబీ ఉచితం, ఒక్కోటి రెండు ఎంబీ అనుకుంటే 150 వ్యాసాలు. 2 జీబీకి ఏడాదికి 20 డాలర్లు, 6 జీబీకి 60. చాలామందికి ఆ డబ్బు కట్టే అవసరమే లేదు. ఫైళ్ల సింక్ ఆపేసి వివరాలు మాత్రం సింక్ చేసుకోవచ్చు. కానీ స్థలం కోసం జొటెరో డేటా ఫోల్డర్‌ను గూగుల్ డ్రైవ్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో పెట్టకండి. రాస్తుండగానే డేటాబేస్‌ను ఆ డ్రైవ్ కాపీ చేస్తుంది, అది పాడై లైబ్రరీ మొత్తం తెరుచుకోకపోవచ్చు. జొటెరో మూసేసి, ఫోల్డర్ మొత్తాన్ని వారానికోసారి బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయడం సురక్షితం. హుద్‌హుద్ చూసిన ఊరిలో ఆ హార్డ్‌డిస్క్ ఇంకో ఇంట్లో ఉంటే మరీ మంచిది.

2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు జర్నళ్లు అందించే కేంద్ర పథకం) అమల్లోకి వచ్చింది. మీ సంస్థ దానిలో ఉంటే క్యాంపస్ నెట్‌వర్క్ మీద ఉన్నప్పుడు ఎంట్రీ మీద కుడి క్లిక్ చేసి పూర్తి పాఠం వెతకమంటే చాలా పీడీఎఫ్‌లు నేరుగా వచ్చి చేరతాయి. ఒకేసారి వందల ఎంట్రీలకు నొక్కకండి. ప్రచురణకర్తలు దాన్ని యంత్రపు దోపిడీగా భావించి క్యాంపస్ మొత్తానికీ ఆ జర్నల్ ఆపేసే ప్రమాదం ఉంది, మీతో పాటు అందరూ ఇబ్బంది పడతారు.

ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ మెండెలే ఉచితంగా 2 జీబీ ఇస్తుంది, కానీ అది జర్నళ్ల ప్రచురణ సంస్థ ఎల్సెవియర్ చేతిలో ఉంది, పాత డెస్క్‌టాప్ వెర్షన్ దింపుకోవడాన్ని 2022లో ఆపేశారు. ఎండ్‌నోట్ డబ్బు పెట్టి కొనాలి. సొంత డబ్బుతో చదువుకునే స్కాలర్‌కు జొటెరోయే మేలు.

ఇప్పటికే సగం థీసిస్ రాసేసి, రిఫరెన్సులు టైపు చేసేసినవారి మాట. టైపు చేసిన జాబితాను జొటెరో తనంతట ఎంట్రీలుగా మార్చలేదు. డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ సైట్‌లోని సింపుల్ టెక్స్ట్ క్వెరీలో ఆ జాబితా అతికిస్తే దొరికిన వాటికి డీఓఐలు ఇస్తుంది. ఆ డీఓఐలన్నీ ఒకదాని కింద ఒకటిగా మంత్రదండం పెట్టెలో వేస్తే ఒకేసారి వస్తాయి. పాత ఉదహరణలను ఒక్కో అధ్యాయం చొప్పున తీసేసి కొత్తవి పెట్టుకుంటూ పోవాలి. పది పదిహేను రిఫరెన్సులే మిగిలి, సమర్పణకు వారం ఉంటే మాత్రం ఈ మార్పు జోలికి వెళ్లకండి, చేత్తోనే ముగించండి.