జేసన్, ఫ్రెడ్డీ మళ్లీ రావాలంటే: రీమేక్ మేలా, కొనసాగింపు మేలా?

2009 ఫిబ్రవరి 13, శుక్రవారం. ‘ఫ్రైడే ది థర్టీన్త్’ భయానక చిత్రాల్లో హాకీ మాస్కు హంతకుడు జేసన్ వోర్హీస్ కొత్త సినిమా థియేటర్లకు రావడం అదే ఆఖరు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ‘ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్’లో కలల్లోకొచ్చి చంపే ఫ్రెడ్డీ క్రూగర్ వచ్చి వెళ్లాడు. వెండితెర మీద ఆ తర్వాత ఇద్దరి అలికిడీ లేదు. 1980 నుంచి 1989 లోపే ‘ఫ్రైడే ది థర్టీన్త్’ సినిమాలు ఎనిమిది వచ్చాయి. అంత జోరుగా నడిచిన వరస ఇన్నేళ్లు ఆగిపోవడం అభిమానులకు నిజంగానే బాధ. అవతల ‘హాలోవీన్’ హంతకుడు మైకేల్ మైయర్స్ 2018లో తిరిగొచ్చి మూడు సినిమాలు పూర్తిచేశాడు. ‘స్క్రీమ్’లో ఫోన్ చేసి బెదిరించి చంపే ముసుగు హంతకుడు ఘోస్ట్‌ఫేస్ 2022 నుంచి మళ్లీ ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. దాంతో స్లాషర్ ప్రియులు, అంటే హంతకుడు ఒక్కొక్కరినీ వెంటాడి చంపే ఇలాంటి సినిమాల అభిమానులు, ఎక్కడ కలిసినా ఇదే చర్చ. జేసన్‌నీ ఫ్రెడ్డీనీ తేవాలంటే కథను మొదటి నుంచి మళ్లీ తీయాలా? పాత కథనే ముందుకు నడపాలా? లేక సిరీస్‌గా మలచి టీవీకి ఇవ్వాలా?

అన్నింటికీ ఒకే దారి పనికొస్తుందని నేననుకోను. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: ఆ ఫ్రాంచైజీలో భయం ఎవరి దగ్గరుంది? ముసుగులోనా, నటుడిలోనా, బతికి బయటపడ్డ అమ్మాయిలోనా, కథ రాసినవాడి బుర్రలోనా? అది ఎవరి దగ్గరుందో వాళ్లను పక్కనపెట్టి తీసిన సినిమాలు డబ్బు తెచ్చినా ఎక్కువ కాలం నిలవలేదు.

రీమేక్‌లను తీసిపారేయడం తేలికే గానీ, వాటికీ ఒక కారణముంది. 2003లో ‘టెక్సస్ చైన్‌సా’ను కోటి డాలర్ల లోపు ఖర్చుతో మళ్లీ తీస్తే ప్రపంచవ్యాప్తంగా 10 కోట్ల డాలర్లు దాటింది. పాత పేరు, కొత్త కుర్రాళ్లు, తక్కువ ఖర్చు. నిర్మాతలకు అంతకంటే ఏం కావాలి? అక్కణ్ణుంచి వరసపెట్టి రీమేక్‌లే. పాతవి చూడని తరానికి తలుపు తీసింది కూడా అవే. ఆ మేలు కాదనలేం.

ముందుగా ‘హాలోవీన్’ చూద్దాం, రెండు దారుల్లోనూ నడిచింది కాబట్టి. 1978లో జాన్ కార్పెంటర్, డెబ్రా హిల్ కలిసి మూడు లక్షల డాలర్ల పైచిలుకుతో తీసిన సినిమా అది. ‘స్టార్ ట్రెక్’ కెప్టెన్ కర్క్‌గా పేరుపడ్డ విలియం షాట్నర్ ముఖం అచ్చుతో దుకాణాల్లో దొరికే మాస్కును కొని, తెల్లరంగు కొట్టి, కంటి రంధ్రాలు పెద్దవి చేసి మైకేల్‌కు తొడిగారు. ఆ తెల్లటి ముఖంలో ఏ భావమూ ఉండదు. అతనెందుకు చంపుతున్నాడో సినిమా చెప్పదు. హ్యాడన్‌ఫీల్డ్ వీధుల్లో, పట్టపగలు, కంచె పక్కన ఊరికే నిలబడి ఉంటాడు. చూస్తున్న మనకు వెన్ను జలదరిస్తుంది.

2007లో రాబ్ జాంబీ తన రీమేక్‌లో సరిగ్గా ఆ ఖాళీనే పూరించాడు. ఇంట్లో తిట్లు, బడిలో వేధింపులు, పిచ్చాసుపత్రి గది, అక్కడ తయారుచేసుకున్న కాగితపు ముసుగులు. చాలాసేపు మైకేల్ చిన్నతనమే నడుస్తుంది. జాంబీకి తనదైన చూపు ఉంది, టైలర్ మేన్ ఆకారం నిజంగా హడలగొడుతుంది, 8 కోట్ల డాలర్లు కూడా వచ్చాయి. అయినా ఆ మైకేల్ నన్ను నిద్రలో వెంటాడలేదు. కారణం తెలిసిన హంతకుడు వార్తల్లోనూ కనిపిస్తాడు.

2018లో డేవిడ్ గోర్డన్ గ్రీన్ ఇంకో దారి పట్టాడు. మొదటి సినిమా ఒక్కటే జరిగింది, తక్కినవేవీ జరగలేదు. మొదటి సినిమాలో బతికి బయటపడ్డ అమ్మాయి లారీ, మైకేల్ అన్నాచెల్లెళ్లని 1981లో తగిలించిన చుట్టరికం కూడా ఎగిరిపోయింది. జేమీ లీ కర్టిస్ లారీ స్ట్రోడ్‌గా తిరిగొచ్చింది. కార్పెంటర్ స్వయంగా కొడుకు కోడీతో, డేనియల్ డేవిస్‌తో కలిసి సంగీతం ఇచ్చాడు. కోటి డాలర్ల సినిమాకు 25 కోట్ల పైన వసూలు. నలభై ఏళ్లుగా ఆ ఒక్క రాత్రిని మరవలేక, ఇంటిని కోటలా మార్చుకుని, ఆ క్రమంలో కూతుర్నే దూరం చేసుకున్న ఆడమనిషిని చూపించారు. మైకేల్ ఏమీ మారలేదు, ఆమె మొత్తం మారిపోయింది. అతను ఎంత భయంకరమైనవాడో చెప్పడానికి ఆమె ముఖం ఒక్కటీ చాలింది.

దీనికి రుజువు తర్వాతి రెండు సినిమాల్లోనే దొరుకుతుంది. అదే దర్శకుడు, అదే కర్టిస్, అదే సంగీతం. 2021 నాటి ‘కిల్స్’లో లారీ ఎక్కువసేపు ఆసుపత్రిలోనే ఉండిపోయింది, వసూళ్లు 13 కోట్లకు దిగాయి. 2022 నాటి ‘ఎండ్స్’లో కోరీ అనే కొత్త కుర్రాడి చుట్టూ కథ తిరిగింది, 10 కోట్ల పైచిలుకు దగ్గర ఆగింది. విడుదలైన రోజే రెండింటినీ పీకాక్ స్ట్రీమింగ్‌లో ఇంట్లో కూర్చుని చూసే వీలుండేది కాబట్టి తప్పంతా కథదే అనను. కానీ అభిమానుల నిరాశ టికెట్ల లెక్కను మించింది. లారీ కోసం వచ్చినవాళ్లకు లారీ దొరకలేదు.

ఫ్రెడ్డీ దగ్గరికొస్తే చిక్కు ఇంకా పెద్దది. ఇంకొకరికి తొడగడానికి అతనికి ముసుగు లేదు, ఉన్నది కాలిన ముఖం, నోరు. రాబర్ట్ ఇంగ్లండ్ 1984 నుంచి 2003 దాకా ఎనిమిది సినిమాల్లో ఆ పాత్ర చేశాడు. ఒక భుజం వాల్చి నిలబడే తీరు, కత్తుల వేళ్లను ఆడించడం, చంపబోయే ముందు వేసే వెటకారం, అన్నీ ఆయన కూర్చినవే. 2010 రీమేక్‌లో జాకీ ఎర్ల్ హేలీని తీసుకున్నారు. ఆయన ఆస్కార్ నామినేషన్ పొందిన నటుడు, ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. మూడున్నర కోట్ల డాలర్ల సినిమాకు 11 కోట్ల పైన వచ్చాయి. అయినా రెండో భాగం తీయలేదు. ప్రేక్షకులు ఒకసారి చూశారు, మళ్లీ కావాలని అడగలేదు.

రెండు సినిమాల్లోనూ ఉన్న ఒక్క దృశ్యం చాలు తేడా తెలియడానికి. కథానాయిక నాన్సీ నిద్రపోతుంటే మంచం తలవైపు గోడలోంచి ఫ్రెడ్డీ ఆకారం ముందుకు ఉబుకుతుంది. 1984లో వెస్ క్రేవెన్ బృందం గోడ స్థానంలో సాగే గుడ్డ బిగించి, వెనక నుంచి మనిషి చేత నొక్కించింది. 2010లో కంప్యూటర్‌తో చేశారు. పాతదాంట్లో అటువైపు ఎవరో ఉన్నట్టు ఒళ్లంతా తెలుస్తుంది, కొత్తదాంట్లో బొమ్మ కదిలినట్టుంటుంది. పాతదాంట్లోనే నాన్సీ స్నేహితురాలు టీనా గోడల మీదుగా కప్పుకు ఈడ్చుకుపోయే దృశ్యానికి గదినే తిప్పారు. నాన్సీ ప్రియుడు గ్లెన్ మంచంలోంచి రక్తం కప్పుకు ఎగజిమ్మింది కూడా ఆ తిరిగే గదిలోనే. ఇంత ఖర్చూ కలను నమ్మించడానికే. కథ ప్రకారం పిల్లల మీద నేరానికి ఊరి తల్లిదండ్రులు ఫ్రెడ్డీని కాల్చేశారు. రీమేక్‌లో ఒక మంచి ఆలోచన ఉంది: ఫ్రెడ్డీ నిజంగా తప్పు చేశాడా, ఆ తల్లిదండ్రులు నిర్దోషిని కాల్చేశారా అన్న అనుమానం. అలాగే నడిపి ఉంటే సినిమాకు సొంత ప్రాణం వచ్చేది. లేవనెత్తి వదిలేశారు.

ఇంగ్లండ్ 1947లో పుట్టినవాడు. ఆ పాత్రకు తన వయసు దాటిపోయిందని ఆయనే పలుమార్లు చెప్పాడు. అంటే హాలోవీన్ దారిలో ఫ్రెడ్డీని తేవడం కుదరదు. మరి రీమేకే గతా? నాకలా తోచదు. నాన్సీ 1987లో మూడో భాగంలో చనిపోయింది, సరే. కానీ నాలుగు, ఐదు భాగాల్లో లీసా విల్కాక్స్ చేసిన ఆలిస్ బతికే ఉంది. ఐదో భాగంలో ఆమెకు జేకబ్ పుట్టాడు. కడుపులో ఉన్నప్పుడే వాడి కలల్లోకి ఫ్రెడ్డీ దూరాడు. ఆ పిల్లాడు ఇప్పుడు నడివయసుకు దగ్గరపడ్డ మనిషి. ఫ్రెడ్డీగా ఎవరొచ్చినా కొత్త ముఖమే కాబట్టి ఆలిస్, జేకబ్ లాంటి తెలిసిన మనుషులు పక్కనుంటే ప్రేక్షకుడికి పట్టుకోవడానికి ఒక చెయ్యి దొరుకుతుంది. ఆ కొత్త నటుడు ఇంగ్లండ్‌ను అనుకరించకూడదన్నది నా గట్టి కోరిక. మొదటి సినిమాలో ఫ్రెడ్డీ తెరపై కనిపించేది చాలా తక్కువసేపు, మాట్లాడేది అంతకన్నా తక్కువ. అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

కథ రాసినవాడి చేతిలో భయం ఉంటే ఎలా ఉంటుందో ‘చైల్డ్స్ ప్లే’లో హంతకుడి ఆత్మ దూరిన బొమ్మ చకీ చూపించాడు. 1988 నుంచి 2017 వరకూ వచ్చిన ఏడు సినిమాల రచనలోనూ డాన్ మాన్సీనీ ఉన్నాడు, ఏడింట్లోనూ చకీ గొంతు బ్రాడ్ డూరిఫ్‌దే. మధ్యలో గంభీరం వదిలి హాస్యంలోకి వెళ్లారు, మళ్లీ చీకటి ఇంటికొచ్చారు. కథ మాత్రం ఎక్కడా చెరిపేయలేదు. మొదటి సినిమాలో చిన్నపిల్లాడు ఆండీగా చేసిన అలెక్స్ విన్సెంట్ పెద్దవాడై అదే పాత్రగా తిరిగొచ్చాడు. డూరిఫ్ కూతురు ఫియోనా 2013లో నీకాగా చేరింది. 2021లో అదంతా టీవీ సిరీస్ అయ్యి మూడు సీజన్లు నడిచింది. మొదటి సినిమా రీమేక్ హక్కులు ఎంజీఎం దగ్గర ఉండటంతో 2019లో మాన్సీనీ లేకుండా వేరే చకీ వచ్చాడు. మార్క్ హామిల్ గొంతు, ఆత్మ బదులు చెడిపోయిన కృత్రిమ మేధ. ఆలోచన బాగానే ఉంది, ఒక సినిమాతో ఆగింది. సిరీస్‌ను కూడా 2024లో రద్దు చేశారు, అది నాకు ఇప్పటికీ బాధే. అయినా ఆ మూడు సీజన్లలో ముప్పై ఏళ్ల పాత్రలన్నీ ఒకచోట కలిశాయి. ఏ ఇతర స్లాషర్ అభిమానులకూ ఆ సంతోషం దక్కలేదు. పాత ఫ్రాంచైజీని సిరీస్ చేయాలంటే నేను చూపించే నమూనా ఇదే.

‘స్క్రీమ్’ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ముసుగులో ప్రతిసారీ కొత్త హంతకుడే కాబట్టి దానికి పునరుద్ధరణ ఇబ్బంది మొదటి నుంచీ లేదు. మొదటి నాలుగు భాగాలూ తీసిన వెస్ క్రేవెన్ 2015లో కన్నుమూశాక కూడా 2022లో, 2023లో విజయాలు సాధించింది. అయితే ఆరో భాగానికి పారితోషికం నచ్చక మొదటి నుంచీ కథానాయికగా ఉన్న నీవ్ క్యాంప్‌బెల్ తప్పుకుంది. ఐదు, ఆరు భాగాల కొత్త నాయికల్లో మెలిస్సా బరేరాను ఏడోదానికి తొలగించారు, జెన్నా ఒర్టెగా లేదు. చివరికి మొదటి సినిమా రాసిన కెవిన్ విలియమ్సన్‌కే దర్శకత్వం అప్పగించి, క్యాంప్‌బెల్‌ను వెనక్కి పిలవాల్సి వచ్చింది.

ఇక జేసన్. నా అభిమానం ఎక్కువగా ఇతని మీదే.

జేసన్ ఇన్నాళ్లు కనిపించకపోవడానికి కథల కరువు కారణం కాదు, హక్కుల తగాదా. 2013లో నోలన్ ‘ఇంటర్‌స్టెల్లార్’లో వాటా కోసం వార్నర్ బ్రదర్స్ కొన్నేళ్లపాటు ఫ్రైడే హక్కులను పారామౌంట్‌కు ఇచ్చింది. పారామౌంట్ 2017 అక్టోబరుకు సినిమా ప్రకటించి, అదే ఏడాది ఫిబ్రవరిలో ఆపేసింది. ఈలోగా మొదటి సినిమా రచయిత విక్టర్ మిల్లర్ అమెరికా కాపీరైట్ చట్టం కింద నోటీసు ఇచ్చాడు. సొంతంగా రాసిచ్చిన రచయిత 35 ఏళ్ల తర్వాత తన హక్కులు వెనక్కి అడగవచ్చని ఆ చట్టం చెబుతుంది. అతను జీతగాడిగా రాశాడా, బయటి రచయితగా రాశాడా అన్నదే వివాదం. 2018లో కింది కోర్టు, 2021లో అప్పీలు కోర్టు మిల్లర్ వైపే తీర్పిచ్చాయి. అయితే అతనికి వచ్చింది అమెరికాలో మొదటి స్క్రిప్టు మీద హక్కు. అందులో హంతకురాలు తల్లి పమేలా, జేసన్ నీళ్లలో మునిగిపోయిన పిల్లాడు. హాకీ మాస్కు పెట్టుకున్న భారీ మనిషి అందులో లేనే లేడు, ఆ మాస్కు 1982లో మూడో భాగంలో వచ్చింది. పేరు ఒకరిది, ముసుగు ఒకరిది అయిపోయింది. 2017లో వచ్చిన వీడియో గేమ్‌కు కూడా ఈ కేసు వల్లే కొత్త సరంజామా ఆగిపోయింది.

ఈ పరిస్థితిలో, జేసన్ మునిగిన చెరువు పేరుతో వచ్చే ‘క్రిస్టల్ లేక్’ సిరీస్ సరైన ఎత్తు అనిపిస్తోంది. ఏ24 సంస్థ పీకాక్ కోసం 2022లో ప్రకటించింది. 2024లో బ్రయన్ ఫుల్లర్ తప్పుకున్నాక బ్రాడ్ కేలబ్ కేన్ చేతికి వెళ్లింది. పమేలాగా లిండా కార్డెలీని. మొదటి సినిమాలో పమేలా చివరి ఘట్టంలో గానీ మన ముందుకు రాదు. బెట్సీ పామర్ ఆ కాస్త సమయంలోనే అంత గుర్తుండిపోయింది. వేసవి క్యాంపులో కొడుకు మునిగిపోతుంటే పట్టించుకోని పర్యవేక్షకుల మీద తల్లికి పుట్టిన పగ, అది పిచ్చిగా మారిన తీరు ఎపిసోడ్లకు సరిపడే కథ.

జేసన్‌కు మాత్రం సిరీస్ వద్దు, రీమేక్ అసలే వద్దు. 2009లో ఆ ముచ్చటా తీరింది. డెరెక్ మియర్స్ జేసన్‌గా అద్భుతం: చురుకు, కోపం, బరువు. టైటిల్ పడకముందు నడిచే ఆ సుదీర్ఘ ఘట్టాన్ని నేను మళ్లీ మళ్లీ చూస్తాను. కానీ తర్వాత అతను ఒక అమ్మాయిని సొరంగంలో బంధించి ఉంచడం పాత జేసన్‌కు అతకలేదు. మొదటి వారాంతంలో 4 కోట్ల డాలర్లు తెచ్చిన సినిమా రెండో వారాంతానికి 80 శాతం పడిపోయింది.

జేసన్‌లో భయం నటుడిది కాదు. అరడజనుకు పైగా మనుషులు ఆ మాస్కు తొడిగారు. కేన్ హాడర్ ఒక్కడే వరసగా నాలుగు సినిమాలు చేశాడు. ఊపిరికి లేచిపడే ఆ భుజాల వల్లే అతను అందరికీ ఇష్టుడయ్యాడు, 2003లో ‘ఫ్రెడ్డీ వర్సెస్ జేసన్’కు అతన్ని మార్చినందుకు అభిమానుల కోపం ఇప్పటికీ చల్లారలేదు. అయినా ఈ ఫ్రాంచైజీని నిలబెట్టేది చెరువు, అడవి, క్యాంపు, మాస్కు. అందుకే దీనికి వివరణలు, వారసత్వాలు, చెరిపివేతలు అక్కర్లేదు. ఆరో భాగంలో పిడుగు పడి సమాధిలోంచి లేచాడు. ఎలా అని ఎవరూ అడగలేదు, అది వరసలోని మంచి సినిమాల్లో ఒకటైంది. అభిమానులు ఎప్పటినుంచో అడుగుతున్న ఆ మంచు సినిమా తీస్తే చాలు. చలికాలం, గడ్డకట్టిన క్రిస్టల్ లేక్, రోడ్లు మూసుకుపోయిన రాత్రి, తెల్లటి మంచు మీద అతని అడుగులు. ఆరో భాగంలో జేసన్‌ను ఎదిరించిన టామీ జార్విస్‌గా థామ్ మాథ్యూస్ ఒక్క దృశ్యంలో కనిపిస్తే ఇంకా సంతోషం, లేకపోయినా నష్టం లేదు.

ఫ్రెడ్డీతో తలపడ్డదీ, 2009 రీమేకూ కలిపితే జేసన్ సినిమాలు ఇప్పటికి పన్నెండు. రాబోయేది పదమూడోది. హక్కులున్నవాళ్లంతా ఒక బల్ల దగ్గర కూర్చుని దాన్ని తీయాలని, తీసి ఒక శుక్రవారం 13నే విడుదల చేయాలని నా కోరిక.