థమ్సప్ తాగితే గాజు సీసాలోనే తాగాలి

కూకట్‌పల్లిలో మా సందు చివరి కిరాణా కొట్టు ముందు మొన్న గాజు సీసాల థమ్సప్ కేసు ఒకటి కనబడింది. ఇక్కడ ప్లాస్టిక్ సీసాలే తప్ప గాజువి దొరకడం చాలా తగ్గిపోయింది. రెండు తీయించి ఒకటి అక్కడే నిలబడి తాగాను. రెండోది ఇంటికి పట్టుకెళ్తానంటే, "డిపాజిట్ పెట్టండి మేడమ్, ఖాళీ సీసా తెచ్చిస్తే వాపసిస్తా" అన్నాడు కొట్టబ్బాయి. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. చిన్నప్పుడు రోజుకు ఎన్నిసార్లు అనేదాన్నో ఆ మాట.

చిలకలూరిపేటలో సినిమా హాలు ఎదురుగా మా నాన్నకు కూల్‌డ్రింకుల కొట్టు ఉండేది. 1983లో పెట్టారు. బడి నుంచి రాగానే ఖాళీ సీసాలు చూసుకోవడం నా పని. కేసుకు 24 సీసాలు. ఒక్కోదాని మూతి చుట్టూ బొటనవేలు తిప్పి, ఎక్కడైనా పెచ్చు లేచిందేమో చూడాలి. పెచ్చు లేచినదాన్ని తిరిగి తీసుకోరు, ఆ సీసా డబ్బులు మేం వదులుకోవాల్సిందే. కేసుల్లో ఒకదానికొకటి రాసుకుని రాసుకుని సీసా చుట్టూ తెల్లగా గరుకు పట్టీలు పడతాయి. పట్టీ ఎంత మందంగా ఉంటే ఆ సీసా అన్ని చేతులు మారినట్టు. మొన్న కొన్న సీసాకు కూడా ఆ పట్టీ ఉంది. తాగే ముందు వేలితో తడిమి చూసుకున్నాను.

ఇక రుచి సంగతి. ఓపెనర్ పడగానే మూతి దగ్గర సన్నగా పొగలాంటిది లేస్తుంది. మొదటి గుటకకే గ్యాస్ ముక్కులోకి ఎక్కి కళ్ళలో నీళ్ళు తిరగాలి, తిరిగాయి. తీపి వెనకాల ఒక ఘాటు వస్తుంది, లవంగం కొరికి వదిలేసినట్టు నాలుక అంచుల మీద. మిగతా కోలాల్లో తీపి ముందొచ్చి అక్కడే ఆగిపోతుంది. ఇందులో గొంతు దిగాక కూడా ఆ ఘాటు కాసేపు ఉంటుంది. అడుగున మిగిలిన చివరి గుటకలో కూడా బుడగలు లేస్తూనే ఉన్నాయి. నాకైతే ఐదుకు ఐదు.

ఆ ఘాటు ఎలా వచ్చిందో తెలిస్తే ఇంకా ఇష్టంగా తాగబుద్ధవుతుంది. విదేశీ మారక ద్రవ్యాన్ని అదుపు చేసే ఫెరా చట్టం ప్రకారం విదేశీ కంపెనీలు ఇక్కడి వాటాను 40 శాతానికి తగ్గించుకోవాల్సి వచ్చింది. కోకాకోలా అందుకు ఒప్పుకోలేదు. అప్పుడు జనతా ప్రభుత్వంలో పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్, ఆయనా పట్టు సడలించలేదు. చివరికి 1977లో ఆ కంపెనీ దేశం వదిలి వెళ్ళిపోయింది. ఖాళీ అయిన ఆ చోటు కోసం చాలామంది దిగారు. ప్రభుత్వమే డబుల్ సెవెన్ పేరుతో ఒక కోలా తెచ్చింది. దాని ఫార్ములా మైసూరులోని ఆహార పరిశోధన సంస్థది, తయారీ మోడరన్ ఫుడ్ ఇండస్ట్రీస్‌ది. క్యాంపా కోలా వచ్చింది. పార్లే కంపెనీ నుంచి రమేశ్ చౌహాన్, ప్రకాశ్ చౌహాన్ అన్నదమ్ములు థమ్సప్ తెచ్చారు. ఇంగ్లీషు పేరులో ఉండాల్సిన 'బి' అక్షరాన్ని కావాలనే తీసేశారు, పేరు తమకొక్కళ్ళకే ఉండాలని.

వాళ్ళు ఫార్ములాను మొదటి నుంచి సొంతంగా కట్టుకున్నారు. దాల్చినచెక్క, యాలకులు, జాజికాయ లాంటివి వేసి చూశారు. అన్నిటికంటే నాకు నచ్చే విషయం, చల్లదనం తగ్గినా గ్యాస్ గట్టిగా తెలియాలని వాళ్ళు అనుకోవడం. తోపుడు బండి మీద, బడ్డీ కొట్టులో అమ్మేవాళ్ళకు ఐస్ ఎప్పుడూ సరిపడా ఉండదు కదా. ఈ సంగతి నేను చాలా ఏళ్ళ తర్వాత తెలుసుకున్నాను గానీ, మా కొట్టులో దాన్ని రోజూ చూస్తూనే ఉన్నాను. మాకు ఫ్రిజ్ లేదు. ఐస్ ఫ్యాక్టరీ నుంచి దిమ్మ తెచ్చి, గోనెసంచిలో చుట్టి సుత్తితో కొట్టి, చెక్కపెట్టెలో సీసాల మధ్య పోసేవాళ్ళం. మే నెలలో మ్యాట్నీ ఇంటర్వెల్‌కే అది సగం నీళ్ళయిపోయేది. ఆ టైములో వేరేది ఇస్తే "ఏంటి బాబాయ్, పానకంలా ఉంది" అని గొడవపడేవాళ్ళు. థమ్సప్ ఇస్తే గుక్కలో సగం తాగి, త్రేన్చి, మళ్ళీ సినిమాకు పరిగెత్తేవాళ్ళు. "చల్లదనం తగ్గినా మన మాట పోనివ్వందంటే ఇదొక్కటేనమ్మా" అనేవారు నాన్న.

1990లో లెహర్ పెప్సీ వచ్చింది. దానికి పోటీగా థమ్సప్ 250 మి.లీ. సీసా పక్కన అదే థమ్సప్‌ను మహా కోలా పేరుతో 300 మి.లీ. సీసాలో దించారు. 1993లో కోకాకోలా ఆగ్రాతో మొదలుపెట్టి మళ్ళీ దేశంలోకి వచ్చింది. అదే ఏడాది థమ్సప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్, సిట్రా, మాజా అన్నీ దాని చేతికి వెళ్ళిపోయాయి. తర్వాత గోల్డ్‌స్పాట్ పోయి ఫాంటా వచ్చింది. ఆ నారింజ రంగు సీసా కోసం నాకు ఇప్పటికీ బెంగే. థమ్సప్‌ను మాత్రం జనం వదల్లేదు. వెళ్ళిపోయిన కంపెనీకి బదులుగా పుట్టిన డ్రింకు, ఆ కంపెనీ తిరిగొచ్చి కొనుక్కున్నాక కూడా దాని సొంత కోలాకు ఎదురుగా నిలబడి అమ్ముడైంది. 2021కి వంద కోట్ల డాలర్ల బ్రాండ్ అయింది. మన దగ్గర చిరంజీవి, తర్వాత మహేశ్‌బాబు యాడ్లు చేశారు. అవి లేకపోయినా మనవాళ్ళు బిర్యానీ పక్కన వేరేది పెట్టుకునేవాళ్ళు కాదని నా నమ్మకం.

ఇప్పుడు కొనేవాళ్ళ కోసం. చిన్న ప్లాస్టిక్ సీసాకు నేను రెండున్నర మించి ఇవ్వలేను. ప్లాస్టిక్ గోడలోంచి గ్యాస్ కొద్దికొద్దిగా బయటికి పోతుంది, గాజులోంచి పోదు. సీసా చిన్నదయ్యే కొద్దీ లోపలి డ్రింకుకు గోడ తగిలే భాగం ఎక్కువ కాబట్టి ఇంకా త్వరగా పోతుంది. కొనేముందు తయారీ తేదీ చూడండి, కొత్తదైతే ఫర్వాలేదు. టిన్ను బాగానే ఉంటుంది, గ్యాస్ నిలుస్తుంది, కానీ పెదవికి తగిలే ఆ రేకు అంచు నాకు నచ్చదు. 2.25 లీటర్ల సీసా పదిమంది ఒకేసారి కూర్చుంటేనే. సగం తాగి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి అది థమ్సప్ కాదు. పోయిన వేసవిలో మా తమ్ముడి కూతురి ఓణీల ఫంక్షన్‌కు ఒక హోల్‌సేల్ కొట్టులో పెద్ద సీసాలు పది తీసుకున్నాం. వాళ్ళు వాటిని ఎన్నాళ్ళు ఎండలో పెట్టారో, మూత తిప్పితే చప్పుడే లేదు. మటన్ బిర్యానీ తింటున్న చుట్టాలకు ఆ తీపినీళ్ళు పోయాల్సి రావడం నాకు నిజంగా బాధనిపించింది. అందుకే నీడలో పెట్టి అమ్మే కొట్టునే చూసుకోండి.

చక్కెర మాత్రం ఎక్కువే, కెఫీన్ కూడా ఉంటుంది. పిల్లలకు రోజూ అలవాటు చెయ్యొద్దు. నేను నెలకు రెండు దాటను.

ఇంటికి తెచ్చిన రెండో సీసా నాన్న కోసం. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి, షుగరుంది. రెండు గుటకలే పోశాను చిన్న గ్లాసులో. కళ్ళు మూసుకుని తాగి, మిగతాది నన్ను తాగమన్నారు. ఖాళీ అయ్యాక సీసా చేతిలోకి తీసుకుని మూతి చుట్టూ బొటనవేలు తిప్పారు.

"పెచ్చు లేదమ్మా, ఇచ్చెయ్యొచ్చు" అన్నారు.